పంచేశ్వర్‌లో తొలి గాలం: ముందు నీళ్లు చూడండి, తర్వాత టికెట్ కొనండి

గోదావరి గట్టున బెండు కట్టి, ఎర్ర గుచ్చి గాలం వేసే అలవాటున్నవాళ్లకైనా హిమాలయ నదిలో మహసీర్ అనే పెద్ద చేప వేట కొత్తగానే ఉంటుంది. అక్కడ బెండు ఉండదు, ఎర కొరికిందా లేదా అని ఎదురుచూడటమూ ఉండదు. వడినీటిలో మెరుస్తూ వచ్చే స్పూన్‌ను (ఎర బదులు కట్టే, గాలం ఉన్న లోహపు రేకును) చేప ఒక్కసారిగా కొడుతుంది, అదే ఊపులో ప్రవాహం వెంట యాభై, అరవై మీటర్ల దారం లాక్కుపోతుంది. అందుకే మొదటిసారి గైడ్ లేకుండా వెళ్లొద్దు. ఆ మొదటిసారికి నేను చెప్పే చోటు ఉత్తరాఖండ్‌లోని పంచేశ్వర్. చంపావత్ జిల్లాలో సరయూ వచ్చి కాళీ నదిలో కలిసేది ఇక్కడే. కాళీ అవతలి ఒడ్డు నేపాల్.

చాలామంది ముందు సెలవు పెట్టి, టికెట్లు కొని, ఆ తర్వాత గైడ్‌కు ఫోన్ చేస్తారు. ప్రయాణం చెడేది అక్కడే. కాళీ మంచుకొండల్లో పుట్టిన నది. మే ఎండలకు పైన మంచు కరగడం జోరందుకుంటే నీళ్లు బూడిద కలిపినట్టు మారతాయి, ఆ నీళ్లలో చేపకు స్పూన్ కనపడదు. సరయూ వానల మీద, ఊటల మీద నడిచే నది కాబట్టి వేసవిలో తేటగానే ఉంటుంది. రెండు నీళ్లూ కలిసేచోట ఒక గీత కనిపిస్తుంది. మహసీర్ ఆ గీత అంచున, తేటనీటి వైపు కాచుకుని ఉంటుంది. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి ఉపనదులు ఎక్కుతుంది, అప్పుడు దాని జోలికి పోకూడదు. సెప్టెంబరు చివరి నుంచి మళ్లీ పెద్ద నదికి దిగుతుంది.

కాబట్టి మిగిలేవి రెండు కాలాలు: మార్చి, ఏప్రిల్ ఒకటి, అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు సగం దాకా ఇంకొకటి. కొత్తవాళ్లకు రెండోదే మేలు, చేప సంగమాల దగ్గర గుమిగూడుతుంది. బయల్దేరే వారం ముందు గైడ్‌ను ఒక ఫోటో అడగండి: మోకాలి లోతు నీళ్లలో నిలబడి తన పాదాలను తీసిన ఫోటో. కాలివేళ్లు కనిపిస్తే బయల్దేరవచ్చు. కనిపించకపోతే నాలుగు రోజులు వెనక్కి జరపమని అడగండి. టికెట్ రద్దుకు పోయే డబ్బు కన్నా మురికినీటిలో పోయే మూడు రోజులు ఖరీదైనవి.

ఢిల్లీ నుంచి టనక్‌పూర్ దాకా రైలుంది. అక్కడి నుంచి లోహాఘాట్ సుమారు 90 కిలోమీటర్లు, లోహాఘాట్ నుంచి పంచేశ్వర్ ఇంకో 40, అంతా ఘాట్ రోడ్డే. వానల తర్వాత కొండచరియలు పడి దారి మూసుకుపోవడం మామూలే. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి, తిరుగు రైలుకు ఒక రోజు ఖాళీ వదలండి. వేటకు మూడు రోజులైనా ఉండాలి. మొదటి రోజు చెయ్యి కుదరడానికే పోతుంది.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది పర్మిట్. ఏ తేదీలకు, నదిలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది కాగితం మీద ఉండాలి. "అన్నీ మేం చూసుకుంటాం సార్" అన్న మాట చాలదు. కావేరీ ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె క్యాంపులు ఒకప్పుడు మహసీర్ వేటకు పేరుపడ్డవి. అది అభయారణ్యం కావడంతో, వన్యప్రాణి చట్టం కారణంగా అక్కడ గాలం వేయడం ఆగిపోయింది. పర్మిట్ లేని చోట పట్టి వదిలేసినా తప్పు తప్పే. పంచేశ్వర్ సరిహద్దు కాబట్టి సశస్త్ర సీమా బల్ జవాన్లు అడిగితే చూపడానికి గుర్తింపు కార్డు జేబులోనే ఉండాలి.

ఒక గైడ్‌కు ఇద్దరికి మించి కొత్తవాళ్లు ఉండకూడదు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా, వల రబ్బరు పూతదేనా అని కూడా అడగండి. నూలు వల చేప ఒంటి మీది జిగురును గీకేస్తుంది, జిగురు పోయినచోట బూజు పడుతుంది. వల ఎలాంటిదో అడిగితే తడబడే గైడ్‌ను నేనైతే తీసుకోను.

సామాను గైడ్ ఇస్తాడు, కానీ చూసుకోవాల్సింది మీరే. రాడ్ తొమ్మిది, పది అడుగులది, 20 నుంచి 50 గ్రాముల బరువు విసరగలది కావాలి. రీల్ (దారం చుట్టుకునే చక్రం) 5000 సైజు. అందులో 30 పౌండ్ల లాగుడుకు ఆగే బ్రెయిడ్ (అల్లిన) దారం 200 మీటర్లు, దాని చివర 40 పౌండ్లకు ఆగే ఫ్లోరోకార్బన్ అనే గట్టి దారం ఒకటిన్నర మీటరు. బ్రెయిడ్ రాయికి రాసుకుంటే ఇట్టే తెగుతుంది, ఆ చివరి ముక్క అందుకే. స్పూన్లు 18 నుంచి 28 గ్రాములవి ఎనిమిదైనా ఉండాలి, రాళ్లలో ఇరుక్కుని సగం పోతాయి. ఇరుక్కున్నప్పుడు దారం చేతికి చుట్టి లాగితే వేలు తెగుతుంది. కర్రకు చుట్టి లాగండి.

మహసీర్ దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. వాటితో, మందమైన పెదవులతో అది సన్నని మూడు కొక్కేల గాలాన్ని నలిపేస్తుంది. వాటిని తీసేసి మందపాటి ఒంటి గాలం వేయించండి, ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయించండి. ముల్లు లేకపోతే చేప జారిపోతుందని భయపడతారు. దారం బిగువు తగ్గనీయకపోతే జారదు.

ఎక్కువ చేపలు పోయేది డ్రాగ్ దగ్గర, అంటే చేప ఎంత బలంగా లాగితే రీల్ దారం వదలాలో బిగించే అమరిక దగ్గర. దారం ఆగే 30 పౌండ్లంటే దాదాపు 13.6 కిలోలు. డ్రాగ్ అందులో పావు వంతు, అంటే మూడున్నర కిలోల దగ్గర దారం వదలాలి. చేత్తో లాగి అంచనా కట్టకండి, దారం చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి చూడండి. మరీ బిగిస్తే తొలి పరుగులోనే దారం తెగుతుంది, లేదా గాలం వంగుతుంది. చేప పరుగెత్తుతున్నంతసేపూ హ్యాండిల్ తిప్పకండి, దారం మెలికలు పడుతుంది. అది ఆగినప్పుడు తిప్పండి. దగ్గరికొచ్చాక రాడ్‌ను నిటారుగా ఎత్తితే కొన విరుగుతుంది. 45 డిగ్రీలు చాలు.

ఇంటి దగ్గర ఒక వారం, రోజూ ఇరవై నిమిషాలు, ఖాళీ మైదానంలో విసరడం నేర్చుకోండి. గాలం బదులు 20 గ్రాముల సీసం గుండు కట్టి, ఇరవై అడుగుల్లో బకెట్ పెట్టుకోండి. గుండు కాళ్ల ముందే పడితే వేలు ఆలస్యంగా వదిలారు, ఆకాశంలోకి లేస్తే తొందరగా వదిలారు. విసిరాక, దారం వదలడానికి తెరిచిన రీల్ తీగను (బెయిల్‌ను) హ్యాండిల్‌తో కాదు, చేత్తో మూయండి. దారం వదులుగా చుట్టుకుని ముడిపడటం సగానికి సగం తగ్గుతుంది.

ఒడ్డున మోకాలు దాటి దిగొద్దు. ఎగువన ధౌలీగంగా జలవిద్యుత్ కేంద్రం ఉంది, పై నుంచి నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. నీటి అంచున ఒక పొడిరాయిని గుర్తు పెట్టుకోండి, అది తడిస్తే వెంటనే పైకి రండి. గంబూట్లలో నీళ్లు నిండితే కాలు కదలదు. లేసులు కట్టుకునే, నీళ్లు కారిపోయే బూట్లే వేసుకోండి.

ఇది పులుసు కోసం చేసే వేట కాదు. బంగారు మహసీర్ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతి. పట్టిన ప్రతి చేపనూ వదలాలి. చేతులు తడుపుకుని, చేపను నీళ్లలోనే ఉంచి గాలం తీయండి. తూకానికి వేలాడదీయకండి, టేపుతో కొలవండి: చుట్టుకొలత అంగుళాలను దానితోనే గుణించి, పొడవు అంగుళాలతో గుణించి, 800తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. పొడవు 36, చుట్టుకొలత 20 అయితే 18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైమాటే. తర్వాత తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా తోక మొదలు దగ్గర పట్టుకుని, పొట్ట కింద చెయ్యి ఆనించి ఉంచండి. ముందుకూ వెనక్కూ ఊపకండి, వెనక్కి లాగినప్పుడు మొప్పల్లో నీళ్లు సరిగా పారవు. ఐదు నిమిషాలు పట్టినా సరే, తోకతో మీ చేతిని తోసి అదే వెళ్లేదాకా వదలకండి.