ఐరిష్ బుజుకీతో పక్కవాద్యం: నా అనుభవం

ఉద్యోగరీత్యా ఐర్లండ్‌లోని గాల్వేకు వచ్చిన రెండో ఏట నేను ఐరిష్ బుజుకీ అనే మీటు తీగల వాద్యం నేర్చుకోవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు విజయవాడలో ఆరేళ్లు నేర్చుకున్న వయొలిన్, ఆ తర్వాత కొన్నాళ్లు సొంతంగా వాయించిన గిటారు తప్ప నాకు వేరే సంగీత పరిచయం లేదు. ఇక్కడి పబ్బుల్లో సాయంత్రం పూట ఫిడేలు, ఫ్లూటు, అకార్డియన్ కళాకారులు ఒక బల్ల చుట్టూ చేరి సాగించే సెషన్లలో, వరుసల (బాణీల) అడుగున నిలకడగా మోగుతూ వాటికి ఊపునిచ్చే జంట తీగల నాదం వినిపించేది. అది ఏ వాద్యమో అడిగి తెలుసుకున్న వారంలోనే, ఒకరు వాడిన బుజుకీని కొని ఇంటికి తెచ్చుకున్నాను.

మా గురువు మొదటి నెల వాద్యాన్ని ముట్టనివ్వకుండా వినమన్నారు. గ్రీసుకు చెందిన ఈ వాద్యాన్ని 1960ల మధ్యలో ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలోకి తెచ్చినవారు జానీ మోయ్‌నిహాన్. 1972లో ఏర్పడిన ప్లాంక్స్‌టీ బృందంలో డోనల్ లన్నీ వాయించిన తీరునూ, డి డానన్ బృందంలో మూడు జతల తీగల గ్రీకు బుజుకీనే వాడిన అలెక్ ఫిన్ తీరునూ పక్కపక్కన పెట్టి వినడంతో, ఒకే పనిని ఎంత భిన్నంగా చేయవచ్చో నాకు అర్థమైంది.

నా వాద్యానికి నాలుగు జతల తీగలు. వాటిని మంద్రం నుంచి పైకి జి, డి, ఎ, డి అనే పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేస్తాము. డిని షడ్జమంగా తీసుకుంటే పై మూడు జతలు స, ప, స అవుతాయి. అంటే మా కర్ణాటక వయొలిన్ తీగల్లో మూడింటి వరుసే అది. అన్నిటికన్నా కింద ఉన్న జత మంద్ర మధ్యమం. ఖాళీ తీగలను ఒకసారి మీటగానే తంబూరా పక్కన కూర్చున్నట్టు అనిపించి, ఆ రోజంతా వేరే ఏదీ సాధన చేయలేకపోయాను. ఈ శ్రుతిలో గాంధారం (గ) లేకపోవడమే గొప్ప సౌకర్యం. వరుసలో వచ్చేది కింది స్థాయి సాధారణ గాంధారమో పై స్థాయి అంతర గాంధారమో ముందే తేల్చకుండా, ఆ నిర్ణయాన్ని ఫిడేలు వాయించేవారికే వదిలేయవచ్చు.

అసలు కష్టమంతా కుడిచేతితోనే వచ్చింది. జిగ్ అనే వరుసలకు ఆవర్తానికి ఆరు మాత్రలు, అంటే మూడేసి మాత్రల తకిటలు రెండు. తీగలు మీటే పిక్‌ను కిందికి, పైకి, కిందికి, మళ్లీ కిందికి, పైకి, కిందికి నడపాలి. గిటారు అలవాటు కొద్దీ నా చేయి కిందికీ పైకీ మార్చి మార్చి వెళ్లేది కాబట్టి, రెండో తకిట పై మీటుతో మొదలై బరువు కోల్పోయేది. తిస్రం నాకు తెలిసినదే అనుకున్నాను కానీ, మూడు మాత్రలనూ సమానంగా తూచి లెక్కపెట్టే మన పాఠానికీ, మొదటి మాత్రను కాస్త సాగదీసి నడిమి దాన్ని తేలిక చేసే ఇక్కడి నడకకూ చాలా తేడా ఉంది. లయ కొట్టే యంత్రమైన మెట్రోనోమ్‌ను అరవై నుంచి నూట పదికి తీసుకువెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. నాలుగు మాత్రల తకధిమిగా నడిచే రీల్ అనే వరుస అంత ఇబ్బంది పెట్టలేదు. తొమ్మిది మాత్రల స్లిప్ జిగ్‌లో మాత్రం సంకీర్ణాన్ని నాలుగు, అయిదుగా విడదీసే పాత అలవాటు అడ్డువచ్చేది. ఇక్కడ అది మూడు తకిటలే.

ఎడమచేతి పాఠం ఒక తప్పుతో వంటబట్టింది. ఒక సెషన్‌లో ఇ స్వరం ఆధారంగా సాగే డోరియన్ అనే స్వరక్రమంలోని జిగ్ మొదలైంది. దానికి పై మూడు జతల మీద రెండో మెట్టు దగ్గర వేలు పరిస్తే ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాలు), వేలు ఎత్తేస్తే రెండో కార్డ్. ఈ రెండింటితోనే వరుసలో ఎక్కువ భాగం గడిచిపోతుంది. నేను అంతటితో ఆగక, గిటారులో అందంగా వినిపించే సి కార్డ్‌ను ఇరికించాను. పక్కన ఫిడేలు వాయిస్తున్న పెద్దావిడ నొచ్చుకున్నట్టు నా వైపు చూశారు. ఇ నుంచి లెక్కిస్తే ఆ వరుస మన ఖరహరప్రియ రాగం. అందులో ఉన్నది పై స్థాయి ధైవతం (ద), అంటే చతుశ్రుతి ధైవతం. నా కార్డ్‌లోని కింది స్థాయి శుద్ధ ధైవతం దాన్ని నఠభైరవి రాగంగా మార్చేసింది. ఆ రాత్రి నుంచి ఏ వరుసనైనా స్వరాలతో పాడుకోగలిగితేనే దానికి పక్కవాద్యం వాయించాలని నియమం పెట్టుకున్నాను. ఏడాదిలో నలభై వరుసలు గొంతుకు వచ్చాయి.

ఒక బల్ల దగ్గర అప్పటికే గిటారు ఉంటే నేను ఆగుతాను. ఇద్దరు పక్కవాద్యకారులు చెరొక కార్డ్ వేస్తే వరుస నలిగిపోతుంది కాబట్టి, ఇక్కడివారు ఈ మర్యాదను గట్టిగానే పాటిస్తారు.

మొన్న శీతాకాలంలో గిటారు లేని ఒక సాయంత్రం ఆ పెద్దావిడే అదే జిగ్ మొదలుపెట్టారు. ఎనిమిదేసి ఆవర్తాల రెండు భాగాలను రెండేసి సార్లు వాయిస్తే ఒక చుట్టు. మామూలుగా మూడు చుట్లు సాగుతుంది. మొదటి చుట్టులో నేను వాయించకుండా వింటూ కూర్చున్నాను. రెండో చుట్టులో ఆ రెండు కార్డులతోనే మెల్లగా అందుకున్నాను. మూడో చుట్టుకు ఆవిడ కుర్చీని నా వైపు కొద్దిగా జరుపుకున్నారు. ఆగకుండా తర్వాతి వరుసలోకి వెళ్లే ముందు దాని శ్రుతి పేరు నాకు వినపడేలా చెప్పారు.