డిక్కీ లైటు ఆరట్లేదా? లాక్ మార్చేముందు ఆ రబ్బరు గొట్టం ఒకసారి చూడండి

మాది 2010 మోడల్ హ్యాచ్‌బ్యాక్, ఇంకా ఏపీ 09 నంబర్ ప్లేటే, పదిహేనేళ్లు దాటాక గ్రీన్ టాక్స్ కట్టి మరీ రెన్యువల్ చేయించా కాబట్టి ఇప్పట్లో వదిలే ఉద్దేశం లేదు. ఈ మధ్య దానికి రెండు రోగాలు ఒకేసారి పట్టుకున్నాయి. డిక్కీ డోర్ దబ్బుమని గట్టిగా వేస్తే తప్ప పడదు, పడ్డాక కూడా మీటర్ మీద డోర్ తెరిచి ఉందని ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆరుతుంది, ఇంకోటి దిగితే మళ్లీ వస్తుంది, నాచారం నుంచి ఉప్పల్ వెళ్లేలోపు డిస్కో లైటే ఇక.

లైటే కదా, ఉంటే ఉండనీ అని మా ఆవిడ అంది కానీ అలా వదిలేసేది కాదు. కారు లెక్కలో డోర్ తెరిచే ఉంది కాబట్టి డిక్కీలో బల్బు ఆరదు. చిన్న 5 వాట్ల బల్బే, కానీ 12 వోల్టుల మీద దాదాపు 0.4 ఆంపియర్ లాగుతుంది, రోజంతా వెలిగితే 10 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు లెక్క) పోయినట్టే, మాదేమో 35 ఏహెచ్ బ్యాటరీ. శుక్రవారం సాయంత్రం పార్క్ చేసి సోమవారం పొద్దున కీ తిప్పితే టిక్కు టిక్కుమంటుంది తప్ప ఇంజన్ తిరగదు. పైగా ఒక్కోసారి డోర్ నిజంగానే సగమే పడి ఉంటుంది, అప్పుడు నడిచే కారు వెనక నుంచి సైలెన్సర్ పొగ లోపలికి లాగేసుకుంటుంది, అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు. వెనక సీట్లో పిల్లలుంటే అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

మెకానిక్‌కి చూపిస్తే చెయ్యి పెట్టకుండానే "లాక్ ఖరాబైంది సార్, కొత్తది ఏసుకుంటే కతం" అన్నాడు. రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే స్విచ్ విడిగా రాదు, లాక్ అసెంబ్లీ మొత్తం కొనాల్సిందే అన్నారు. పాత మోడల్ కదా, వాళ్లు చెప్పిన రేటు విని ముందు నేనే విప్పి చూద్దామని ఇంటికొచ్చేశా.

ఈ లాక్‌లో ఉండేది పెద్దగా ఏం లేదు. ఒక కొక్కెం, దాన్ని పట్టుకునే చిన్న పళ్ల ముక్క, స్ప్రింగులు, పక్కన ఒక మైక్రో స్విచ్, అంతే. డోర్ తెరిచే ఉంచి స్క్రూడ్రైవర్‌తో ఆ కొక్కేన్ని నెమ్మదిగా తిప్పండి, మొదటి టిక్కు సగం పడినట్టు, రెండో టిక్కు పూర్తిగా పడినట్టు. మాది మొదటి టిక్కు దగ్గరే ఆగిపోతోంది, ఎందుకంటే పాత గ్రీజు, మన సిటీ దుమ్ము కలిసి నల్లగా జిగురులా గడ్డకట్టేసింది. (ఈ టెస్ట్ అయ్యాక హ్యాండిల్ లాగి కొక్కేన్ని మళ్లీ వదిలించాకే డోర్ వేయండి, లేదంటే అది స్ట్రైకర్‌కి (కొక్కెం పట్టుకునే బాడీ వైపు ఇనుప కడ్డీ) కొట్టుకుని వంగుతుంది.) జిడ్డు వదిలించే స్ప్రే కొట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక తెల్ల లిథియం గ్రీజు పెట్టా. చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టి అక్కడితో వదిలేస్తారు, అది తేమని తోలడానికి, తుప్పు వదిలించడానికి బాగుంటుంది కానీ గ్రీజులా ఎక్కువ రోజులు నిలవదు.

డోర్ ఇప్పుడు వేలితో నొక్కినా పడుతోంది. లైటు మాత్రం అలాగే ఉంది! ఇక్కడే చాలామంది స్విచ్ పోయిందని తేల్చేసి కొత్త లాక్ కొనేస్తారు. దానికి ముందు ఒక పని చేయండి, లాక్ దగ్గర కనెక్టర్ పీకేయండి. మా కారులో డోర్ తెరిస్తే స్విచ్ గ్రౌండ్‌కి (బ్యాటరీ నెగటివ్ వైపుకి) కలుస్తుంది, కాబట్టి కనెక్టర్ పీకితే లైటు ఆరాలి, ఆరితే తప్పు స్విచ్‌ది, ఆరకపోతే వైర్లది. కొన్ని కార్లలో ఇది ఉల్టా ఉంటుంది, మీ కారు వైరింగ్ డయాగ్రమ్ చూసుకోండి. మాది ఆరలేదు.

అప్పుడు పైన హింజ్ పక్కన బాడీ నుంచి డోర్‌లోకి వెళ్లే ముడతల రబ్బరు గొట్టం జరిపి చూశా. డిక్కీ తెరిచినప్పుడల్లా వైర్లు వంగేది అక్కడే. ఇన్సులేషన్ ఎండిపోయి పెళుసుగా రాలుతోంది, స్విచ్ వైరు లోపలి రాగి బయటపడి పక్కనున్న నల్ల గ్రౌండ్ వైరుకి తగులుతోంది, ఆ రాగి కూడా పచ్చగా మారిపోయింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు లైటు ఎందుకు ఆడుతుందో అప్పుడు అర్థమైంది. నంబర్ ప్లేట్ లైటు మిణుకు మిణుకుమనడానికి కూడా ఆ గొట్టమే కారణం.

కోఠి గుజరాతీ గల్లీలో మెత్తటి మల్టీ స్ట్రాండ్ వైరు, హీట్ ష్రింక్ స్లీవ్ (అతుకు మీద తొడిగి వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) కొన్నా. బ్యాటరీ నెగటివ్ తీసేసి, పాడైన వరకు కత్తిరించి కొత్త వైరు సోల్డర్ చేశా. అతుకులు మాత్రం వంగే చోట పడకూడదు, సోల్డర్ గట్టిగా ఉంటుంది కదా, అక్కడ పడితే మళ్లీ విరుగుతుంది, అందుకే ఒక అతుకు బాడీ లోపల, ఒకటి డోర్ లోపల వచ్చేలా పొడవు వైరు పెట్టాలి. అన్ని అతుకులూ ఒకే చోట ఉంటే లావై ప్యాక్ చేయడం కూడా కష్టం, కాస్త ముందూ వెనకా వేసుకోండి. మధ్యలో ఇన్సులేషన్ టేపు చుట్టి చేతులు దులిపేసుకోవద్దు, మన ఎండలకి జిగురు కరిగి ఊడొచ్చేస్తుంది.

లైటు ఆరింది, బ్యాటరీ దిగట్లేదు. ఇక మిగిలింది డిక్కీ డోర్‌ని పైకెత్తి పట్టుకునే గ్యాస్ స్ట్రట్లు, గ్యాస్ దిగిపోయి డోర్ నిలబడట్లేదు, మా ఆవిడ కూరగాయల సంచులు దించేటప్పుడు నేను డోర్ పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. రెండూ జతగా మార్చమంటారు, ఒక్కటే మారిస్తే డోర్ ఒక పక్కకి గుంజుతుంది. వచ్చే జీతం మీద చూడాలి.