మావాడి చేతిలో ఒక్క తూటా రైఫిలు

అమెరికాలో ఊరి చివర, పొలాలు మొదలయ్యే చోట ఇల్లు కొనుక్కుని పిల్లల్ని అక్కడి స్కూల్లో వేసిన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చుట్టూ మనవాళ్లే ఉండే పెద్ద సిటీ సబర్బుల్లో పిల్లలకి వేట నేర్పాలా అన్న ప్రశ్న రాకపోవచ్చు, మాకు వచ్చింది. మేముండేది ఒహాయోలో, కొలంబస్ దాటాక కాస్త దూరంగా. ఇక్కడ థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే సోమవారం జింకల గన్ సీజన్, అంటే తుపాకీతో జింకల్ని వేటాడే కాలం, మొదలవుతుంది, కొన్ని పల్లె స్కూళ్లకి ఆ రోజు సెలవు కూడా ఇస్తారు. మావాడి స్నేహితులంతా తండ్రులతో, తాతలతో అడవికి వెళ్తారు. పదమూడో ఏడు వచ్చాక వీడూ అడిగాడు, "అమ్మా, నేనూ నేర్చుకుంటాను" అని.

మా అత్తగారింట్లో మాంసం ముట్టరు. మా పుట్టింట్లో ఆదివారం కోడికూర లేకపోతే ముద్ద దిగదు. అయినా ఫోన్లో విషయం చెప్పగానే ఎక్కువ గొడవ చేసింది మా అమ్మే. "పుస్తకం పట్టాల్సిన వయసులో తుపాకీ ఏంటే, నీకేమన్నా మతిపోయిందా?" అంది. మా తాతయ్య దగ్గర లైసెన్సు ఉన్న రెండు గొట్టాల తుపాకీ ఉండేదని, మొక్కజొన్న చేలోకి అడవిపందులు వస్తే అటక మీంచి దించేవాడని గుర్తుచేస్తే, "అది పంట కోసం, సరదాకి కాదు" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే నేరమనే పెరిగాం. ఇక్కడ లెక్క వేరు, ఎవరు ఎన్ని జింకల్ని ఎప్పుడు కొట్టాలో రాష్ట్రమే చెప్పి పర్మిట్ ఇస్తుంది. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ఫెడరల్ పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల పనులకి వెళ్తుంది. ఈ రెండు పద్ధతులూ పిల్లాడికి తెలియాలి, ఒకటి గొప్ప ఇంకొకటి తక్కువ అని కాకుండా. అందుకే వాణ్ణి మా అమ్మతోనే మాట్లాడమన్నాను. అడిగినదానికల్లా వాడే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, అది మంచిదే అయింది.

నా అభిప్రాయం ఒక్కటే. పిల్లలు ఇక్కడి జీవితంలోకి అడుగుపెడతామంటే వద్దని గట్టిగా చెప్పొచ్చు, తప్పులేదు. ఒప్పుకున్నాక మాత్రం పక్కింటాయనకి అప్పగించి మనం కార్లో కూర్చోకూడదు. మనమూ నేర్చుకోవాలి. మా ఆయనా నేనూ వేటగాళ్లకి భద్రత నేర్పే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో వాడి పక్కనే కూర్చున్నాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ అది కాగితాలతో సహా పక్కాగా ఉండాలి. స్నేహితుడి తుపాకీ రేంజ్‌లో ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు, ముందు లాయర్ని అడగండి. మేము గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాం.

ఏ తుపాకీ అన్నప్పుడు, మాకు సాయం చేసిన పక్క ఫారం పెద్దాయన తడుముకోకుండా సింగిల్ షాట్, అంటే ఒకసారికి ఒక్క తూటానే పట్టేది, అన్నారు. థాంప్సన్ సెంటర్ కంపెనీ ఎన్‌కోర్. ఈ కంపెనీ న్యూ హాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో పుట్టింది, 1967లో వాళ్లు తెచ్చిన కంటెండర్ పిస్తోలుకి ఇది పెద్ద తమ్ముడు. మధ్యలో విరిచి తెరవాలి, ఒక్క తూటా పెట్టాలి, మూయాలి, వెనకున్న సుత్తి (హ్యామర్) వెనక్కి లాగాలి, అప్పుడే పేలుతుంది. తెరిచి ఉంటే పేలదు, తెరిచి ఉందో లేదో గది అవతలి నుంచే కనిపిస్తుంది. పిల్లలకి ఇంతకన్నా సురక్షితమైన ఏర్పాటు నాకు తెలియదు. ఫ్రేము ఒకటే, బ్యారెల్ (తుపాకీ గొట్టం) మార్చుకుని వేరే సైజు తూటా వాడొచ్చు. ప్రాక్టీసుకి .223 బ్యారెల్, తూటా చవక, భుజానికి దెబ్బ తగలదు. జింకకి .350 లెజెండ్ బ్యారెల్. ఒహాయోలో జింకల గన్ సీజన్లో మామూలు సన్నమెడ రైఫిల్ తూటాలు కుదరవు, గొట్టంలా తిన్నగా ఉండే కేసు ఉన్నవే, అవీ 2014 నుంచి. 2019లో వించెస్టర్ తెచ్చిన ఈ .350 లెజెండ్ పిల్లల భుజానికి సరిపోతుంది.

ఇప్పుడు గురి సంగతి. ఈ రకం తుపాకులకి గురి కుదరదని చాలామంది అంటారు. కుదురుతుంది, కాకపోతే విరిచి తెరవక్కర్లేని మామూలు బోల్ట్ రైఫిల్ కంటే ఓపిక ఎక్కువ కావాలి, ఎందుకంటే అతుకులు ఎక్కువ. గురి చూసే దుర్భిణి, అంటే స్కోప్, బ్యారెల్ మీదే ఉంటుంది కాబట్టి బ్యారెల్ తీసి మళ్లీ పెట్టినా గురి పెద్దగా మారదు, అది దీని గొప్పతనం. తుపాకీ ఖాళీ అని చూసుకుని, బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క మరలు విప్పి, బ్యారెల్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే అడ్డ హింజ్ పిన్ను తట్టి తీస్తే బ్యారెల్ చేతికొస్తుంది. మార్చిన ప్రతిసారీ బ్యారెల్ వెనక భాగం ఆనుకునే బ్రీచ్ ముఖం, కింద తాళం పడే చోటు గుడ్డతో తుడవాలి. అక్కడ ఒక్క ఇసుక రేణువున్నా తుపాకీ ఒక్కోసారి ఒక్కోలా మూసుకుంటుంది. పిన్ను వదులైతే అంతే సంగతులు, బ్యారెల్ ప్రతి తూటాకీ కాస్త వేరే చోట కూర్చుంటుంది, దానికి కొంచెం లావు పిన్నులు దొరుకుతాయి. మూసేటప్పుడు కూడా ఒకసారి మెల్లగా, ఒకసారి ఠపీమని కాకుండా ప్రతిసారీ ఒకే బలంతో మూయమని వాడికి నేర్పాం.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ముందు చెక్క, అంటే ఫోర్‌ఎండ్. 100 గజాల దగ్గర మొదటి తూటా మధ్యలో పడేది, రెండోది పైన, మూడోది ఇంకా పైన, కాగితం మీద నిలువు గీతలా. వాడు తన చెయ్యే వణుకుతోందనుకుని మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెద్దాయన వచ్చి తుపాకీ చేతిలోకి తీసుకుని ఒక్క మాటా అనకుండా చెక్కకీ బ్యారెల్‌కీ మధ్య కాగితం దూర్చి చూశారు. ఒకవైపు అసలు దూరలేదు. మరలు బిగిస్తే చెక్క బ్యారెల్‌ని ఆ వైపు నెడుతోంది, బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఆ ఒత్తిడి మారిపోతోంది, తూటా పైకి పోతోంది. చెక్క తీసి, లోపల నల్లగా మెరుస్తున్న చోట గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దారు. మళ్లీ బిగించి కాగితం దూర్చారు, మళ్లీ తీశారు, సాయంత్రం దాకా అదే పని. చివరికి రెండు మరలూ ఒకే బిగువుతో బిగించి, ఎంత తిప్పాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. మర్నాడు ఆ నిలువు గీత పోయింది, మూడు తూటాలూ ఒకే చోట చేరాయి.

దీనికి తోడు ఇంకో రెండు సంగతులు. ఇసుక సంచి మీద తుపాకీ ఆనించేటప్పుడు ఎప్పుడూ ఒకే చోట, ఫ్రేముకి దగ్గరగా ఆనించాలి, బ్యారెల్‌కి ఏదీ తగలకూడదు. తూటాల మధ్య బ్యారెల్ చల్లారనివ్వాలి. అడవిలో పేల్చేది ఎలాగూ చల్లని బ్యారెల్‌తో మొదటి తూటానే, కాబట్టి అది ఎక్కడ పడుతుందో తెలిస్తే చాలు. తూటా బ్రాండు కూడా మార్చి చూడాలి. మా బ్యారెల్‌కి ఒక కంపెనీ 150 గ్రెయిన్ (తూటా బరువు కొలత) తూటా అస్సలు నచ్చలేదు, ఇంకో కంపెనీది అదే బరువైనా మూడూ పక్కపక్కనే పడ్డాయి. ఖరీదుతో సంబంధం లేదు, ఏ బ్యారెల్‌కి ఏది పడుతుందో పేల్చి చూడ్డమే.

సుత్తి ఉన్న తుపాకుల్లో ట్రిగ్గర్ నొక్కాక సుత్తి పడి తూటా పేలేలోపు కాస్త ఎక్కువ టైం పడుతుంది. ఆ క్షణంలో తల ఎత్తినా, భుజం బిగించినా గురి పోతుంది. మావాడికి ఆ అలవాటు ఉందో లేదో పేల్చినప్పుడు తెలియలేదు, శబ్దం, కుదుపు అన్నీ కప్పేస్తాయి. మా ఆయన వాడికి చెప్పకుండా మధ్యమధ్యలో ఉత్తుత్తి తూటా పెట్టి ఇచ్చేవారు. సుత్తి టిక్‌మని పడింది, పేలలేదు, బ్యారెల్ మొన మాత్రం ధడాలున కిందికి వంగింది. వాడే చూసుకుని "నేనలా చేస్తున్నానా!" అన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి ఇంట్లో గోడ వైపు ఖాళీ తుపాకీతో, లోపల ఉత్తుత్తి తూటాతో, సుత్తి పడ్డాక కూడా స్కోప్‌లోని అడ్డగీతలు కదలకుండా ఉంచడం సాధన చేశాడు. అసలు తూటాలు ఆ గదిలో ఉండకూడదన్నది నా నియమం. నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఎక్కాల బదులు అడిగేదాన్ని, "ఇప్పుడు గీత ఎటు పోయింది?" అని.

బెంచి మీద అంగుళంలో మూడు తూటాలు పెట్టడం వేరు, చలిలో చెట్టుకి ఆనుకుని పేల్చడం వేరు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాలు. అందుకని మేము 6 అంగుళాల పేపర్ ప్లేటు పెట్టాం. కూర్చుని, ఒక కర్ర ఆసరాతో, ఏ దూరం నుంచి పేల్చినవన్నీ ప్లేటులోనే పడతాయో ఆ దూరమే వాడి హద్దు. మొదటి ఏడాది అది 60 గజాలు. దాన్ని దాటి జింక ఎంత బాగా నిలబడినా తుపాకీ ఎత్తకూడదు. చేతిలో ఉన్నది ఒక్క తూటా, రెండోది పెట్టేలోపు గాయపడ్డ జింక ఎక్కడికో పోయి నరకం అనుభవిస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను వాడితో బేరాలాడలేదు, ఆడను కూడా.

మొదటి సీజన్లో వాడు పేల్చనే లేదు. హద్దులోపలే ఒక ఆడజింక వచ్చింది, కానీ వెనక చెట్ల సందులోంచి పక్కవాళ్ల కొట్టం కనిపించింది, గురి తప్పితే తూటా అటే పోతుంది. సుత్తి మెల్లగా దించేశాడు. ఆ సాయంత్రం పెద్దాయన వాడి భుజం తట్టిన తీరు చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

మరుసటి ఏడు ఒకటి దొరికింది. ఒక్క తూటా, కొద్ది అడుగుల్లోనే పడిపోయింది. వాడు చాలాసేపు దాని పక్కన కూర్చున్నాడు, మా ఆయన ఏమీ మాట్లాడకుండా వాడితో ఉన్నారు. చాలా మాంసం ఫుడ్ బ్యాంకుకి వెళ్లింది, కొంత మేం ఉంచుకున్నాం. దానికి కొవ్వు ఉండదు, మటన్‌లా వండితే పీచులా అవుతుంది. రాత్రంతా పెరుగు, అల్లం వెల్లుల్లిలో నానబెట్టి, కుక్కర్లో పెట్టి, గసగసాలు కొబ్బరి నూరి వేస్తేనే బాగుంటుంది. ఆ గిన్నెలు వేరు, అత్తగారు వచ్చినప్పుడు అవి గరాజ్‌లోనే ఉంటాయి, వాడే ముందుగా తీసి పెడతాడు.

మన ఇళ్లకి మనవాళ్ల పిల్లలు వచ్చిపోతుంటారు కదా. తుపాకీ ఉన్న ఇల్లని ఆ తల్లిదండ్రులకి ముందే చెప్తాను, సేఫ్‌లో తాళం వేసి ఉందని, తూటాలు వేరే చోట వేరే తాళంలో ఉన్నాయని కూడా. ఒకరిద్దరు పిల్లల్ని పంపడం మానేశారు. నాకు కోపం లేదు, అది వాళ్ల ఇష్టం. మా పిల్లలు ఎవరింటికైనా వెళ్లేముందు నేనూ ఇదే అడుగుతాను, అమెరికన్లయినా మనవాళ్లయినా సరే.

ఇప్పుడు మా అమ్మాయి అడుగుతోంది, దానికి పదకొండు. అన్నయ్య తుపాకీకి భుజానికి ఆనించే వెనక కర్ర దాని చేతికి పొడవు, అలా పట్టుకుంటే తల వెనక్కి వాల్చి స్కోప్‌లోకి చూస్తుంది, అది గురికీ మంచిది కాదు, కంటికీ ప్రమాదం. పొట్టి కర్ర ఒకటి వెతుకుతున్నాం. అంతవరకు .223 బ్యారెల్‌ని కూడా ముట్టనివ్వడం లేదు, ఎయిర్ గన్నే.