తొంభై సెంటీమీటర్ల గీత దగ్గర మా పాప

నిన్న రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరాము. పాప ఇంకా నిద్ర లేవలేదు, మావారు కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటున్నారు, నేను కోపం చల్లారకముందే ఇది రాయడానికి కూర్చున్నాను. రెండేళ్ళ నాలుగు నెలల పిల్లను వెంటబెట్టుకొని థీమ్ పార్కుకు వెళ్ళాలనుకునే తల్లిదండ్రులు ఎవరైనా దీన్ని చదివితే, కొలబద్ద దగ్గర మాకు పట్టిన గతి వాళ్ళకు పట్టకుండా ఉంటుందని నా ఆశ.

మా ఇద్దరి టికెట్లు ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో దొరికాయి. సంచి ముందు రోజు రాత్రే సర్దాను. దారి పొడుగునా పాప నిద్రపోయింది. ఇంతవరకు చెప్పుకోవలసిన ఇబ్బంది ఏదీ లేదు.

పాపకు మాత్రం ముందుగా టికెట్ కొనలేదు, ఎందుకంటే ఆ పార్కులో 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు ప్రవేశం ఉచితం. కొన్ని పార్కులు వయసు చూస్తాయి. డిస్నీ పార్కుల్లో చాలావాటిలో మూడేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మరికొన్ని ఎత్తు చూస్తాయి. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, వయసు విషయంలో తగాదా వస్తే జనన ధ్రువపత్రం తేల్చేస్తుంది, ఎత్తు విషయంలో తగాదా వస్తే కొలబద్ద పట్టుకున్న మనిషి చెప్పిందే వేదం. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఆడపిల్ల మధ్యస్థ ఎత్తు రెండేళ్ళకు 85.7 సెంటీమీటర్లు, మూడేళ్ళకు 95.1 సెంటీమీటర్లు, అంటే 90 సెంటీమీటర్ల గీత సరిగ్గా ఆ ఏడాది నడుమ పడుతుంది. మా పాపలాంటి పిల్లలందరూ ఆ గీతకు అటో ఇటో వేలెడు దూరంలో ఉంటారన్నమాట. ఆ గీతను ఎంచుకున్నవాళ్ళకు ఈ సంగతి తెలియదని నేను అనుకోను.

గేటు దగ్గర ఒక గోడకు రంగుల జిరాఫీ బొమ్మ గీసి, దాని మెడ పొడవునా అంకెలు వేశారు. పాపను దాని ముందు నిలబెట్టమన్నారు. ఆ ఉదయం నేను ముచ్చటపడి పాప నడినెత్తిన పిలక వేసి, ఎర్ర రిబ్బను కట్టాను. కాళ్ళకేమో మందపాటి అట్టలున్న కొత్త బూట్లు. కౌంటర్‌లోని అమ్మాయి నవ్వుతూ "ఎంత పెద్దదానివయ్యావో చూపించమ్మా" అన్నది. అంతే, మా పిల్ల గోడకు వీపు ఆనించి, గుండెలు ముందుకు పెట్టి, చేతులు రెండూ కిందికి బిగబట్టి, మునివేళ్ళ మీద లేచి నిలబడింది. నేనూ మావారూ కూడా చప్పట్లు కొట్టాము. ఆ అమ్మాయి అట్టముక్క ఒకటి పిలక మీదుగా అడ్డంగా పెట్టి, "తొంభై ఒకటిన్నర, పిల్లల టికెట్ తీసుకోవాలి మేడమ్" అన్నది. బూట్లు ఉన్నాయి కదా, పిలక ఉంది కదా అని నేను అనబోయేలోపు వెనకవాళ్ళు తోసుకొచ్చారు, మావారు పర్సు తీశారు, "పండగపూట పేచీ ఎందుకు, పోనీలే" అన్నారు. మా ఇంట్లో జరిగిన నష్టాలన్నీ ఈ "పోనీలే"తోనే మొదలయ్యాయి.

సరే, టికెట్ కొన్నాము కాబట్టి పాప ఇప్పుడు అధికారికంగా పెద్దపిల్ల అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. లోపల పిల్లల కోసం ఒక చిన్న రైలు ఉంది. గుండ్రటి పట్టాల మీద కాస్త ఎక్కి, కాస్త దిగి, ఒక చీకటి గుహలోంచి బయటికొస్తుంది. దూరం నుంచే పాప దాన్ని చూసి "కూ" అని అరిచింది. ఆ వరుసలో నలభై నిమిషాలు నిలబడ్డాము. రెండేళ్ళ పిల్లతో నలభై నిమిషాల వరుస అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా తెలియదు. వరుసను మలుపులు తిప్పడానికి కట్టిన గొలుసులను ఊపుతూ కొంతసేపు, నా భుజం మీద కొంతసేపు, నేల మీద కూర్చొని బూటు విప్పి తొడిగి కొంతసేపు గడిపింది. ఎట్టకేలకు ముందుకు వచ్చేసరికి రైలు ఆపరేటర్ కుర్రవాడు ఒక కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ కర్ర మీద 90 దగ్గర ఎర్ర గీత ఉంది. అంతకు తక్కువైతే ఎక్కనివ్వరు.

"బూట్లు తీయండి మేడమ్" అన్నాడు. తీశాను. పిలకను అరచేత్తో మెత్తగా అణిచాడు. పాప ఈసారి మునివేళ్ళ మీద నిలబడలేదు; అలసిపోయి, మోకాళ్ళు కొద్దిగా మడిచి, ఒంటిని నా కాలికి ఆనించి వేలాడింది. కర్ర ఎర్ర గీతకూ మా పాప నడినెత్తికీ మధ్య నా బొటనవేలు దూరేంత ఖాళీ కనిపించింది. "తక్కువుందండీ, ఎక్కకూడదు" అన్నాడు.

నేను టికెట్ తీసి చూపించాను. ఇది 90 దాటిన పిల్లలకు ఇచ్చే టికెట్ అన్నాను. మీ పార్కే ఈ ఉదయం మా పిల్ల ఎత్తు తొంభై ఒకటిన్నర అని తేల్చి డబ్బు తీసుకుందన్నాను. "అది గేటు కొలత మేడమ్, ఇది రైడు కొలత" అన్నాడు. ఒకే ఆవరణలో, ఒకే పిల్లకు, రెండు ఎత్తులు ఎలా ఉంటాయని అడిగితే, ఆ కుర్రవాడు కర్ర వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ కర్ర వైపే చూశాడు. నా గొంతు పెరిగిన సంగతి నాకు తెలియలేదు. వెనక వరుసలో ఎవరో పెద్దావిడ "పిల్ల భద్రత కోసమే కదమ్మా రూల్స్ పెట్టేది, తల్లివై ఉండి నువ్వే ఇలా పోట్లాడితే ఎలా" అన్నది. ఆ ఒక్క మాటతో వరుసలో ఉన్నవాళ్ళందరి చూపులూ నా మీదికి తిరిగాయి. బిడ్డ ప్రాణం కన్నా టికెట్ డబ్బు ఎక్కువనుకునే తల్లిగా ఆ పావుగంట నేను నిలబడవలసి వచ్చింది. ఈలోగా రైలు కూత వేసుకుంటూ వెళ్ళిపోయింది, పాప నేల మీద వెల్లకిలా పడి ఏడుపు అందుకుంది. ఇంకో అవమానం కూడా మిగిలింది. వరుసలోంచి బయటికి వెళ్ళడానికి వేరే దారి లేదు. ఒక చేత్తో బూట్లు, ఇంకో చేత్తో తన్నుకుంటున్న పిల్లను పట్టుకొని, నలభై నిమిషాలు ముందుకు నడిచిన మలుపులన్నీ ఒక్కొక్కరినీ తప్పుకోమంటూ వెనక్కి నడిచాను.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే ఆ కుర్రవాడిది తప్పు కాదని ఒప్పుకుంటాను. రైడు సీటుకు అడ్డంగా దిగే కడ్డీ ఒక కొలతకు తయారవుతుంది. దానికన్నా చిన్న ఒళ్ళు కుదుపుకు కడ్డీ కిందినుంచి జారిపోవచ్చు. పైగా పసిపిల్లల తల వాళ్ళ ఒంటితో పోలిస్తే పెద్దది. పుట్టినప్పుడు తల పొడవు మొత్తం శరీరంలో దాదాపు నాలుగో వంతు ఉంటే, పెద్దవాళ్ళలో అది దాదాపు ఎనిమిదో వంతు. ఆ బరువును ఆపే మెడ ఇంకా బలపడి ఉండదు. అందుకే రైడు జోరు పెరిగే కొద్దీ గీత కూడా పైకి పోతుంది. డిస్నీలాండ్‌లోని బిగ్ థండర్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్‌కు గీత 40 అంగుళాలు, అంటే దాదాపు 102 సెంటీమీటర్లు. పిలకను అణిచి, బూట్లు విప్పించి కొలిచినవాడు తన పని తాను సరిగ్గా చేశాడు. పిలకతో సహా కొలిచి డబ్బు తీసుకున్న కౌంటర్ మీదే నా కోపమంతా, అది ఇప్పట్లో పోదు.

ఫిర్యాదుల గదికి వెళ్ళాను. కౌంటర్‌కు వెళ్ళమన్నారు. కౌంటర్‌లో షిఫ్టు మారింది, కొత్తమ్మాయి ఫిర్యాదుల గదికి వెళ్ళమన్నది. మూడోసారికి ఒక సూపర్‌వైజర్ వచ్చి, పాపను మళ్ళీ జిరాఫీ దగ్గర నిలబెట్టమన్నాడు. ఈసారి నేనే బూట్లు విప్పి, రిబ్బను తీసి నిలబెట్టాను. ఎనభై తొమ్మిదికి కాస్త పైన వచ్చింది. "అయితే ఇప్పుడు తక్కువే, కానీ ఉదయం ఎంత ఉందో మేము చూడలేదు కదా మేడమ్" అన్నాడు ఆయన. అప్పుడు నాకు చదువు పొంగుకొచ్చింది. మనిషి రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు నీరు పీల్చుకొని ఉబ్బుతాయని, లేచి తిరిగే కొద్దీ ఒంటి బరువుకు అవి అణగి ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గవచ్చని, ఆ తగ్గుదల ఎక్కువ భాగం లేచిన తొలి గంటల్లోనే జరుగుతుందని, అందువల్ల ఉదయం ఎత్తు, మధ్యాహ్నం ఎత్తు అని రెండు వేరువేరు ధరలకు అమ్మడం అన్యాయమని నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఆ గదిలో ఉన్న నలుగురూ పనులు ఆపి విన్నారు. చెప్పుకోకూడదు గానీ, నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన శ్రద్ధగా అంతా విని, "అయితే రైడు ఎక్కాలంటే రేపు పొద్దున్నే నిద్ర లేవగానే తీసుకురండి మేడమ్" అన్నాడు. చివరికి ఒక కాగితం నింపించుకొని, పరిశీలిస్తామని చెప్పి పంపారు.

కాబట్టి నా సలహా ఇది. ఇంట్లో పిల్లను చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి, తల మీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి కొలిచి, ఫోనులో ఫోటో తీసుకోండి. డాక్టరు దగ్గరి చీటీలోని పొడవును నమ్ముకోవద్దు. రెండేళ్ళ లోపు పిల్లలను పడుకోబెట్టి కొలుస్తారు, నిలబెట్టి కొలిచిన ఎత్తు దానికన్నా 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. పిలకలు వేయవద్దు, మందపు బూట్లు తొడగవద్దు. కౌంటర్‌లో ఎవరైనా మీ పిల్లను "ఎంత పెద్దదానివో చూపించు" అంటే చప్పట్లు కొట్టవద్దు. లోపలికి వెళ్ళగానే వరుసలో చేరకుండా, ముందు ఆ రైడు దగ్గరి కర్రతో కొలిపించుకోండి. వరుస మొదట్లోనే బోర్డు ఉంటుందట, నేను రైలు చూసిన ఆనందంలో దాన్ని దాటిపోయాను.

మిగతా రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒంటిగంటకల్లా పాప స్ట్రోలర్‌లో పడి నిద్రపోయింది. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు రోజుకు పదకొండు నుంచి పద్నాలుగు గంటలు, మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు పది నుంచి పదమూడు గంటలు నిద్ర కావాలంటారు, మధ్యాహ్నపు కునుకు కూడా అందులోదే. అది దొంగిలించి రైడ్లు ఎక్కించాలనుకుంటే సాయంత్రం మనమే ఏడుస్తాము. స్ట్రోలర్ మీద ఎండకని దుప్పటి కప్పవద్దు, గాలి ఆడక లోపల ఉడికిపోతుంది, నీడలో నిలపాలి. ఆ నిద్ర సమయంలో మేమిద్దరం వంతులవారీగా పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కాము. చాలా పార్కుల్లో ఒకరు పిల్లతో ఆగి, మొదటివాళ్ళు దిగాక మళ్ళీ వరుసలో నిలబడకుండా రెండోవాళ్ళు ఎక్కే ఏర్పాటు ఉంటుంది, డిస్నీలో దాన్ని రైడర్ స్విచ్ అంటారు. అడిగితేనే ఇస్తారు, అడగకపోతే ఎవరూ చెప్పరు. మావారు దిగివచ్చాక అరగంట ఏమీ మాట్లాడలేదు, ఆ విషయం ఆయన అభ్యర్థన మేరకు ఇంతటితో వదిలేస్తున్నాను.

పాప నిద్ర లేచాక ఏం కావాలన్నదో తెలుసా? రైలు కాదు, బొమ్మల కవాతు కూడా కాదు. కవాతులో మనిషెత్తు కుందేలు వేషం దగ్గరికి రాగానే నా మెడ పట్టుకొని కళ్ళు మూసుకుంది. మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం ఒకచోట కారుతుంటే, దాని కింద చెయ్యి పెట్టి, నీళ్ళు అరచేతిలోంచి మోచేతి దాకా పాకడం చూస్తూ గంటసేపు కూర్చున్నది. దానికి ఎత్తు కొలవలేదు, టికెట్ అడగలేదు. ఆ గంట నేను కూడా చెప్పులు విడిచి పక్కనే కూర్చున్నాను.

ఇది రాస్తుండగానే పాప లేచి వచ్చింది. ఫిర్యాదుకు జతచేయడానికి మావారు తలుపు చట్రం దగ్గర పెన్సిల్, అట్ట పుస్తకం పట్టుకొని పిలిచారు. బూట్లు లేవు, పిలక లేదు. "కదలకుండా నిలబడమ్మా" అనగానే మా పిల్ల గుండెలు ముందుకు పెట్టి, మళ్ళీ మునివేళ్ళ మీద లేచింది. మూడుసార్లు దించి నిలబెట్టాము, మూడుసార్లూ లేచింది. తలుపు మీద ఇప్పుడు నాలుగు గీతలున్నాయి, ఏది ఫోటో తీసి పంపాలో తేలక మావారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.