ఐదు వేల ఏళ్ల సమాధిలో మా పలకల సంగీతం

మేముండేది ఉత్తర వేల్స్‌లోని బాంగోర్‌లో. మెనాయ్ వంతెన దాటి ఆంగ్లెసీ దీవిలో కాస్త దూరం వెళ్తే బ్రిన్ కెల్లి దీ వస్తుంది. పైకి చూస్తే పొలాల మధ్య గడ్డి మొలిచిన మట్టిదిబ్బ. లోపల పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన సమాధి, వయసు సుమారు 5000 ఏళ్లు. దాని పేరు మీద ఊరివాళ్లతో ఒక సంగీత కార్యక్రమం చేస్తామని, పాట రానివాళ్లు కూడా రావచ్చని మా కమ్యూనిటీ హాల్లో కాగితం అంటించారు. మాది మక్తల్ వైపు. అక్కడి ముడుమాల్‌లో వేల ఏళ్లనాటి నిలువురాళ్ల మధ్య తిరిగినవాణ్ని, ఇంక ఆగుతానా? పేరిచ్చేశాను.

మొదటి రోజంతా వాదనే. ఆ కాలం పాట ఒక్కటీ మిగల్లేదు, మరి ఏం వాయించాలి? ఒకాయన లిన్ కెరిగ్ బాఖ్‌లో దొరికిన కంచు బూర ముక్క సంగతి ఎత్తాడు. అదీ ఆంగ్లెసీలోదే, 1940లలో విమానాశ్రయం పనుల్లో బయటపడింది. (అక్కడే దొరికిన బానిసల గొలుసుతో, అదేమిటో తెలియక, బురదలో దిగబడిన బండ్లు లాగారు!) కానీ ఆ బూర ఇనుపయుగానిది, సమాధి కట్టిన రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక వచ్చింది. చివరికి మమ్మల్ని నడిపించే రిటైర్డ్ మ్యూజిక్ టీచరమ్మ తేల్చేసింది: "పోస్టర్ మీద ప్రాచీన సంగీతం అని రాస్తే నేను రాను." నాకూ అదే న్యాయమనిపించింది. రాయి, తోలు, ఊపిరి, ఈ మూడింటితో మా పాట మేమే కట్టుకుందామన్నారు.

సమాధి రాళ్లను కొట్టడానికి వీల్లేదు, మంట పెట్టకూడదు, నేలలో మేకు దించకూడదు. అది రక్షిత కట్టడం. అందుకని బెథెస్డా క్వారీ దగ్గర పారేసిన పలకరాళ్లు అడిగి తెచ్చుకున్నాం. అసలు పని అక్కడ మొదలైంది. కుండ కొనేటప్పుడు చూసినట్టు ప్రతి పలకనూ వేలితో కొట్టి చూడాలి. లోపల సన్నటి పగులుంటే డబ్ అంటుంది, పక్కన పెట్టేయాలి. బాగున్నదాన్ని రెండు తాళ్ల మీద ఆనించాలి, తాడు ఒక్కో చివరి నుంచి పొడవులో ఐదో వంతు కంటే కొంచెం లోపలికి ఉండాలి. అక్కడ రాయి దాదాపు కదలదు కాబట్టి మోత చావదు. చివర అరగదీస్తే స్వరం పెరుగుతుంది, మధ్యలో అడుగున అరగదీస్తే తగ్గుతుంది. అదే మందం పలకను సగానికి కోస్తే స్వరం ఏకంగా రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) పైకి పోతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకుని, నీళ్లు పోస్తూ అరగదీశాం. మా ఆవిడ ఆ బట్టలు ఇంట్లోకి రానివ్వలేదు.

అన్నీ పియానోకు సరిపోవాలని కొందరు పట్టుబట్టారు. అన్నింటికంటే బాగా మోగే పలకనే 'స' అనుకుని మిగతావి దానికి కలుపుదామన్నాను నేను. టీచరమ్మ ఒప్పుకుంది. ఐదు స్వరాలు కుదిరాయి.

తోలు వాద్యాలతో ఇంకో టెన్షన్. ఇక్కడి తేమకు చర్మం జారిపోతుంది. మా ఊళ్లో డప్పు కాచడం చూస్తూ పెరిగాను, చిన్న మంట చాలు. ఇక్కడ మంటకు వీల్లేదు కదా! కారు హీటర్ ఫుల్లుగా పెట్టి, డ్రమ్ములను డాష్‌బోర్డు మీద ఆరబెట్టి, ఒక్కొక్కటీ పరుగున తీసుకెళ్లేవాళ్లం.

జూన్‌లో పగలు అన్నిటికంటే పెద్దదైన రోజున, ఉదయపు ఎండ నడవలోంచి నేరుగా సమాధి గదిలో పడుతుంది. అందరికీ ఆ రోజే కావాలి. మాకు దొరికింది జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం. ఎనిమిది మీటర్లకు పైగా ఉన్న నడవలో వంగి వెళ్తే చిన్న గది, అందులో మనిషంత ఎత్తున నున్నటి రాతిస్తంభం. కొద్దిమందే పడతారు. అందుకే గొంతులు లోపల, పలకలు, డ్రమ్ములు బయట. అది కట్టినవాళ్లు ఏ భాష మాట్లాడేవారో ఎవరికీ తెలియదు కాబట్టి లోపల మాటల్లేకుండా రాగమే తీశాం. వెల్ష్ పాట లేకపోతే ఎలా అని పెద్దవాళ్లు అలిగారు, దాన్ని బయట చివర్లో పాడాం. గదిలో గట్టిగా పాడితే లాభం లేదు, రాళ్లు మింగేస్తాయి. గొంతు బాగా దించి 'ఊఁ' అని పట్టినప్పుడు మాత్రం ఛాతీ అదిరింది. పక్కన నిల్చున్న కుర్రాడు చటుక్కున పాడటం ఆపి నా వైపు చూశాడు.

ఇప్పుడు ఆ పలకలు హాల్లో అల్మారాలో ఉన్నాయి. ప్రైమరీ స్కూల్ పిల్లలకు నేర్పమంటున్నారు. ఈలోగా ఎవరో వాటి మీద కుర్చీలు పేర్చారు, 'ప' పలక విరిగింది. వచ్చే వారం మళ్లీ బెథెస్డా వెళ్లాలి.