న్యూటన్-రాఫ్సన్: ఫార్ములా కంటే ముందు బొమ్మ గీయండి

గేట్ (ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) మెకానికల్ రాయబోతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాక్ టెస్ట్ సంగతి చెప్పాలి. రెండు మార్కుల న్యాట్ ప్రశ్న, అంటే ఆప్షన్లు లేకుండా జవాబు అంకెని టైప్ చేయాల్సింది. ఎక్స్ = కాస్ ఎక్స్ అనే సమీకరణానికి సున్నాతో మొదలుపెట్టి, న్యూటన్-రాఫ్సన్‌లో (సమీకరణం జవాబుని ఒక్కో అడుగులో దగ్గర చేసుకుంటూ వెళ్లే పద్ధతి) రెండో ఇటరేషన్, అంటే రెండో అడుగు తర్వాత విలువ ఎంత? మొదటి ఇటరేషన్‌కి 1 వచ్చింది. రెండోదానికి 0.9998. రెండూ ఇంత దగ్గరగా వచ్చాయి కదా, కన్వర్జ్ అయిపోతోందనుకుని (అసలు జవాబు దగ్గరికి చేరిపోతోందనుకుని) ధైర్యంగా టైప్ చేశాను. కీలో ఉన్నది 0.7504.

ఆ రాత్రి ఫార్ములా చూశాను, సరిగ్గానే ఉంది. డెరివేటివ్ (వాలు) చూశాను, అదీ సరిగ్గానే ఉంది. చివరికి దొరికింది తప్పు. స్క్రీన్ మీది వర్చువల్ కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండాల్సింది, డిగ్రీల్లో ఉంది. డిగ్రీల్లో కాస్ 1 అంటే 0.9998, సైన్ 1 అంటే 0.0175. అందుకే అంకె కదల్లేదు. వచ్చిన జవాబుని మళ్లీ సమీకరణంలో ప్రతిక్షేపించినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే డిగ్రీల మోడ్‌లో కాస్ 0.9998 కూడా 0.9998 అనే చూపిస్తుంది!

రఫ్ షీట్ మీద చిన్న బొమ్మ గీసుకుని ఉంటే పట్టుకునేదాన్ని. కాస్ గ్రాఫ్ 1 దగ్గర మొదలై 1.57 వచ్చేసరికి సున్నాకి దిగిపోతుంది. వై = ఎక్స్ గీత దాన్ని మధ్యలో ఎక్కడో, 0.7 చుట్టుపక్కల కోయాలి. 0.9998 దగ్గర కోసే ప్రసక్తే లేదు. అసలు రూట్ (సమీకరణానికి సరిపోయే ఎక్స్ విలువ) 0.7391.

ఆ రోజు నుంచి షార్ట్ నోట్స్‌లోని ఫార్ములాని పక్కనపెట్టి ఇంటర్ గణితం 1బి దగ్గరికి వెళ్లాను. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి స్పర్శరేఖ (టాంజెంట్), వాలు (స్లోప్) గుర్తుండే ఉంటాయి. వక్రం మీద ఒక బిందువు దగ్గర స్పర్శరేఖ గీయండి. అది ఎక్స్ అక్షాన్ని ఎక్కడ తాకితే అదే తర్వాతి ఎక్స్. ఆ బిందువు ఎత్తుని వాలుతో భాగించి, పాత ఎక్స్‌లోంచి తీసేయడమే ఫార్ములా మొత్తం. ఇలా పుట్టిన ఫార్ములాలో ప్లస్, మైనస్ తారుమారు కావు.

న్యూటన్ స్వయంగా తీసుకున్న ఉదాహరణతోనే సాధన చేయండి: ఎక్స్ క్యూబ్ మైనస్ 2ఎక్స్ మైనస్ 5 = 0. మొదలు 2. అక్కడ ఫంక్షన్ విలువ −1, వాలు 10, కాబట్టి తర్వాతి విలువ 2.1. అక్కడ ఫంక్షన్ 0.061, వాలు 11.23. భాగిస్తే 0.0054. జవాబు 2.0946. రెండే అడుగుల్లో నాలుగు దశాంశాల వరకు కుదిరిపోయింది. ఇదే రూట్‌ని 2, 3 మధ్య బైసెక్షన్‌లో (ఇంటర్వెల్‌ని ప్రతిసారీ సగం చేస్తూ వెళ్లే పద్ధతి) వెతికితే, ఇంటర్వెల్ 0.001 కంటే చిన్నది కావడానికే 10 సార్లు సగం చేయాలి. కాగితం మీద రెండూ చేసి చూస్తేనే క్వాడ్రాటిక్ కన్వర్జెన్స్ (ప్రతి అడుగుకీ సరైన దశాంశాలు సుమారు రెట్టింపు కావడం) అంటే ఏమిటో ఒంటబడుతుంది.

ప్రశ్న ఆఖరి వరకు చదవండి. మొదటి ఇటరేషన్ తర్వాత అని అడిగితే జవాబు 2.1, రూట్ అడిగితే 2.09. మా బ్యాచ్‌లో బాగా చదివేవాళ్లు కూడా ఇక్కడే మార్కులు వదిలేశారు.

థియరీ ప్రశ్నలకి ఆర్డర్లు (ఎంత వేగంగా కన్వర్జ్ అవుతుందో చెప్పే అంకెలు) చాలు: బైసెక్షన్ 1, సీకెంట్ (స్పర్శరేఖ బదులు వక్రం మీది రెండు బిందువుల్ని కలిపే గీత వాడే పద్ధతి) 1.618, న్యూటన్-రాఫ్సన్ 2. డబుల్ రూట్ (ఒకే రూట్ రెండుసార్లు రావడం) ఉంటే ఈ 2 కాస్తా 1కి పడిపోతుంది. మెథడ్ ఫెయిలయ్యే చోటు మాత్రం చేత్తో చేసి చూడాల్సిందే. ఎక్స్ క్యూబ్ మైనస్ 2ఎక్స్ ప్లస్ 2 తీసుకుని సున్నాతో మొదలుపెట్టండి. 1 వస్తుంది, మళ్లీ 0, మళ్లీ 1. ఎన్నిసార్లు చేసినా అంతే. బొమ్మ గీస్తే రెండు స్పర్శరేఖలూ మనల్ని ఒకదాని దగ్గర్నుంచి ఇంకొకదాని దగ్గరికి పంపిస్తూ కనిపిస్తాయి.

ఇంట్లో చేతి కాలిక్యులేటర్ పక్కనపెట్టేసి, మౌస్‌తో నొక్కే వర్చువల్ కాలిక్యులేటర్ మీదే చేయండి. వచ్చిన విలువని ఎంఎస్ (మెమరీ స్టోర్) బటన్‌తో దాచి ఎంఆర్ (మెమరీ రీకాల్) బటన్‌తో పిలవడం అలవాటు చేసుకుంటే, మధ్యలో రౌండ్ చేసి చెడగొట్టుకునే అవసరం రాదు. న్యాట్‌కి నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ఇటరేషన్ అయినా చేసి రాయండి.

అసలు పరీక్షలో కాలిక్యులేటర్ తెరవగానే రేడియన్ నొక్కి, కాస్ 1 వేసి చూశాను. 0.5403 కనిపించాకే మొదటి ప్రశ్న ముట్టుకున్నాను.