పఠాన్ లాలా, మెట్‌పల్లి మున్షీ

దుబాయ్‌లో ఎవరితో కలిసి బతకాలో మన చేతిలో ఉండదు. క్యాంపు బాస్ ఏ రూమ్ చూపిస్తే అందులోకి పెట్టె మోసుకుపోవడమే. 2008లో నేను అల్‌ఖూజ్ లేబర్ క్యాంపులో దిగేసరికి మన కరీంనగర్ జిల్లా వాళ్ల రూములన్నీ నిండిపోయి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది పాకిస్తానీల రూములో ఒక పై బెర్త్. "కొన్నాళ్లు సర్దుకో, మారుస్తా" అన్నాడు క్యాంపు బాస్. మార్చలేదు. తర్వాత మారుస్తానన్నా నేనే వద్దన్నాను.

కింది బెర్త్ ఆయన స్వాత్ లోయ నుంచి వచ్చిన పఠాన్, కంపెనీలో ట్రైలర్ డ్రైవర్. క్యాంపంతా లాలా అనే పిలిచేది, నేనూ అదే అలవాటు చేసుకున్నా. మా వైపు ఊళ్లలో చిన్నప్పటి నుంచీ ఉర్దూ చెవిన పడుతూనే ఉంటుంది కాబట్టి మాటకు ఇబ్బంది రాలేదు. ఆయనది పష్తో యాస, నాది తెలంగాణ యాస. వ్యాకరణం విషయంలో ఇద్దరం ఒకరినొకరు తప్పుబట్టే స్థితిలో లేము.

ఆ నవంబర్‌లోనే ముంబయి మీద దాడులు జరిగాయి. డ్యూటీ నుంచి వచ్చేసరికి రూములో టీవీ మోగుతోంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. ఆ రూములో ఇండియావాణ్ని నేనొక్కణ్నే. నిజం చెప్పాలంటే టెన్షన్‌తో అన్నం దిగలేదు. లాలా లేచి టీవీ కట్టేసి, "ఈ రూములో ఇకనుంచి వార్తలు బంద్. క్రికెట్ ఉంటే చూద్దాం, లేకపోతే పడుకుందాం. పొద్దున నాలుగింటికి బస్సు" అన్నాడు. వయసులో పెద్దవాడు, పైగా ఆజానుబాహువు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

మనసు విప్పి మాట్లాడుకుంటేనే స్నేహం బలపడుతుందని చాలామంది అంటారు. మా ఇద్దరి సంగతి వేరు. కశ్మీర్ గురించి ఆయన ఏమనుకుంటాడో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగలేదు. ఆయనా నన్ను అడగలేదు. కొన్ని మాటలు పక్కన పెట్టాం కాబట్టే మిగతావన్నీ మాట్లాడుకోగలిగాం.

నా పని షటరింగ్, అంటే కాంక్రీటు పోయడానికి అచ్చులు బిగించడం. ఎండలు ముదిరే నెలల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ రెండున్నర గంటలూ ప్లైవుడ్ ముక్క నీడలో ఒరిగితే మళ్లీ లేవబుద్ధయ్యేది కాదు. జీతం తొమ్మిది వందల దిర్హాములు. ఊళ్లో ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు నూటికి మూడు రూపాయల మిత్తి. ఇంటికి పంపినదంతా మిత్తికే పోయేది, అసలు కదిలేది కాదు. ఒకరోజు నేను నడుము పట్టుకుని నిచ్చెనెక్కి పై బెర్త్‌కి చేరుతుంటే లాలా చూశాడు. "మున్షీ, ఈ పని నలభై ఏళ్లు వచ్చేలోపు నిన్ను తినేస్తుంది. లైసెన్స్ తీసుకో" అన్నాడు. వాళ్ల జీతం స్లిప్పులు, బ్యాంకు కాగితాలు చదివి పెట్టేవాణ్ని కాబట్టి నన్ను మున్షీ అనేవాడు.

దుబాయ్ లైసెన్స్ అంటే మాటలు కాదు. అభ్యంతరం లేదని కంపెనీ ఇచ్చే కాగితం (ఎన్ఓసీ) కావాలి, డ్రైవింగ్ స్కూల్లో ఫైల్ తెరవాలి, క్లాసులు, తర్వాత సిగ్నల్ టెస్టు, పార్కింగ్ టెస్టు, రోడ్ టెస్టు. ఫెయిలైతే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. మొత్తం కలిపితే నా మూడు నెలల జీతం దాటుతుంది. ఫైల్ డబ్బులు లాలాయే కట్టాడు. కాగితం లేదు, సాక్షి లేదు, మిత్తి మాట అసలే లేదు. ఊళ్లో నాకు అప్పిచ్చింది మా దూరపు బంధువు. ఆయన మాత్రం ప్రామిసరీ నోటు రాయించుకునే ఇచ్చాడు.

క్లాసుల్లో చెప్పింది చాలదని రాత్రి రూములోనూ పాఠం పెట్టేవాడు. కింది బెర్త్ మీద నన్ను కూర్చోబెట్టి చేతికి స్టీలు పళ్లెం ఇచ్చేవాడు. అది స్టీరింగ్. గోడకున్న గడ్డం గీసుకునే అద్దం ఎడమ మిర్రర్. "లేన్ మారు" అనగానే ముందు అద్దం చూడాలి, తర్వాత ఇండికేటర్ వేసినట్టు వేలు కదపాలి, ఆపైన మెడ తిప్పి భుజం మీంచి వెనక్కి చూడాలి. మెడ తిప్పకపోతే చెంచాతో మోకాలి మీద కొట్టేవాడు. రూమంతా నవ్వేది. రోడ్ టెస్టులో ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చున్నప్పుడు మెదడు మొద్దుబారింది కానీ మెడ దానంతటదే తిరిగింది. పాసయ్యాను. పికప్ డ్రైవర్‌గా మారాక జీతం రెట్టింపయింది. అప్పుడు గానీ ఆ అప్పు అసలు కరగడం మొదలుకాలేదు.

తిండి సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. పెద్ద కూర (గొడ్డుమాంసం) వండుకునే గిన్నె లాలా వేరే పెట్టుకునేవాడు, దాన్ని నా స్టవ్ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. అప్పట్లో సెలవు శుక్రవారం, ఆ రోజు అందరికీ కోడికూరే. నేను చేసే పచ్చిపులుసు ఆయనకు పిచ్చి. పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిపాయ నలిపి, చింతపండు రసంలో పిసికితే చాలు, ఖుబ్బూస్ రొట్టె ముంచుకుని తినేవాడు. అన్నంలో కలుపుకోమంటే వినడు. రంజాన్ నెలలో నేను బాత్రూమ్‌లోకి వెళ్లి నీళ్లు తాగొస్తే, "నీకు రోజా లేదు కదా, ఇక్కడే తాగు" అని తిట్టేవాడు. అదే క్యాంపులో మన తెలుగువాళ్ల మెస్సుల్లో ఫలానా కులపాయన వండితే తినని మహానుభావులున్నారు. వాళ్లే నన్ను "ఆ రూములో ఎట్లుంటున్నవురా" అని అడిగేది.

2009లో స్వాత్‌లో సైన్యానికీ తాలిబన్లకూ యుద్ధం ముదిరి లక్షల మంది ఇళ్లు వదిలారు. లాలా కుటుంబం మర్దాన్ చేరింది. తిరిగి వెళ్లి ఏడాది గడిచిందో లేదో, 2010 వానాకాలంలో వరద. నది ఒడ్డునున్న ఇల్లు, వెనక పండ్లతోట పోయాయి. అప్పటికి మాంద్యం దెబ్బకు దుబాయ్‌లో సగం క్రేన్లు ఆగిపోయి ఉన్నాయి. ఎవరి ఉద్యోగం ఎన్నాళ్లో తెలియదు. అయినా రూములో తలా ఇంత వేశాం. నా ఫైల్ డబ్బులూ అప్పుడే తిరిగిచ్చేశా. తీసుకోనని మొండికేస్తే, "ఇది బాకీ, సాయం కాదు లాలా" అని దిండు కింద పెట్టొచ్చా.

2011 ప్రపంచకప్ మొహాలీ సెమీఫైనల్లో పాకిస్తాన్ మీద మనం 29 పరుగులతో గెలిచాం. నేను లోపలే సంబరపడ్డాను. లాలా మాత్రం సచిన్ క్యాచ్‌లు జారవిడిచిన తన జట్టువాళ్లను పష్తోలో వారం రోజులు తిట్టాడు.

మా అమ్మాయి పెళ్లికి ఆయన్ని పిలవాలని ఎంత ఉన్నా, ఆ పాస్‌పోర్టుకు మన వీసా దొరకడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు. దుబాయ్‌లో ఒకే గదిలో ఏళ్ల తరబడి పడుకోవచ్చు, మెట్‌పల్లిలో ఒక పూట భోజనానికి రాలేడు. ఇమో యాప్‌లో వీడియో పెట్టి తలంబ్రాలు చూపించాను. ఒకరి మీద ఒకరు బియ్యం ఎందుకు పోసుకుంటున్నారని ఒకటే ప్రశ్నలు.

లాలా ఇప్పుడు స్వాత్‌లోనే ఉంటున్నాడు, మోకాళ్లు అరిగాయి. నేనింకా ఇక్కడే, హెవీ లైసెన్స్ మీద. ఆయన చిన్నకొడుకు పనికోసం దుబాయ్ వచ్చాడు. 2025 మేలో రెండు దేశాల మధ్య దాడులు జరిగిన ఆ నాలుగు రోజులూ మా ఊరి వాట్సాప్ గ్రూపులో నాకు అక్షింతలే, పాకిస్తానీ పిల్లగానితో ఫొటో ఎందుకు పెట్టుకున్నావని. తీయలేదు. పిల్లాడు రాత్రి వచ్చి ఫోన్ తెరిచి, "చాచా, ఇది చూడు" అంటే, "మీ నాన్న రూలు తెలుసా? ఈ రూములో వార్తలు బంద్" అన్నా. మూతి ముడుచుకుని ఫోన్ జేబులో పెట్టాడు.

వాడితో నా గొడవల్లా వేరే. బైకు మీద డెలివరీ చేస్తానంటాడు. ఎండలో, ఈ ట్రాఫిక్‌లో ఆ పని వద్దు, ఒకటి రెండేళ్లు ఓపిక పట్టి ట్రక్కు లైసెన్స్ తీసుకో, ఫైల్ డబ్బులు నేను కడతా అంటాను. బైకుకైతే డబ్బు తొందరగా వస్తుందంటాడు. లాలాకు ఫోన్ చేసి చెప్పమంటే, "నువ్వే చెప్పుకో మున్షీ, నా మాట వాడు ఎన్నడు విన్నాడు" అని నవ్వుతాడు. వచ్చే ఆదివారం సెలవు, మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాలి.